కాగితం తగ్గిందా, చేయి మారిందా?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితం వాడకాన్ని తగ్గించే పథకం ఏది ప్రారంభమైనా దాని ఘనత చాటడానికి రెండు అంకెలు వాడుతుంటారు: స్కాన్ చేసిన పుటలు ఇన్ని లక్షలు, నరకకుండా మిగిల్చిన చెట్లు ఇన్ని వేలు. దస్త్రాల మధ్య, ఫారాల మధ్య ఉద్యోగ జీవితం గడిపి పదవీ విరమణ చేసిన నాకు ఈ అంకెలు చూసినప్పుడల్లా కాస్త అసహనం కలుగుతుంది. అవి అబద్ధాలని నేను అనడం లేదు. ఇలాంటి పథకాలు పది ముందుకు వచ్చినప్పుడు వేటికి డబ్బు పెట్టాలో, వేటిని పక్కన పెట్టాలో తేల్చుకోవడానికి ఆ అంకెలు పనికిరావని మాత్రమే నా ఫిర్యాదు. ఎంపిక ఎలా జరగాలన్న దానిపై నాకు తోచిన నాలుగు మాటలు మీ పాఠకుల ముందు పెట్టడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాగితం లెక్క చూద్దాం. చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే మామూలు ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాముల బరువుంటుంది. పది లక్షల కాగితాలు కలిపితే 5 టన్నులు. పెద్ద లారీ ఒకదానికి ఆ బరువు ఒక లెక్కలోది కాదు. కాగితాన్ని కొనడానికయ్యే ఖర్చు ఏ కార్యాలయంలోనూ పెద్ద పద్దు కాదు. ఇక చెట్ల లెక్క మరీ వదులైనది, ఎందుకంటే కాగితం చెరకు పిప్పి నుంచి వచ్చిందో, వాడిపడేసిన కాగితం నుంచి వచ్చిందో, కాగితం కోసమే పెంచిన తోట నుంచి వచ్చిందో తెలియకుండా చెట్ల సంఖ్య చెప్పడం ఊహే అవుతుంది. అసలు ఖర్చు కాగితం చుట్టూ జరిగే పనిలో ఉంది. ఒక దరఖాస్తు తపాలాలో వచ్చినప్పుడు దాన్ని విప్పి ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించాలి, సంబంధిత సెక్షనుకు పంపాలి, పాత ఫైలు వెతికి దానికి జతచేయాలి, అందులోని వివరాలను మళ్లీ కంప్యూటరులో కొట్టాలి, తప్పుంటే వెనక్కి పంపాలి, చివరకు రికార్డు గదిలో సంవత్సరాల తరబడి దాచాలి. ఆ దరఖాస్తు పెట్టిన మనిషి వైపు నుంచి చూస్తే ఇంకో వరుస ఖర్చు కనిపిస్తుంది: ఫారం సంపాదించడం, నకళ్లు తీయించుకోవడం, పని మానుకుని వచ్చి వరుసలో నిలబడడం, ఏదో ఒక పత్రం లేదని తిరిగి వెళ్లడం. ఒక పథకం ఈ రెండు వరుసల్లో దేన్ని ఎంత తగ్గిస్తుందన్నదే దాని విలువ.

ఈ సంగతిని చట్టంలోకి ఎక్కించిన దేశం అమెరికా. అక్కడ 1980లో పేపర్‌వర్క్ రిడక్షన్ యాక్ట్ వచ్చింది, 1995లో దాన్ని తిరగరాశారు. పది మంది లేదా అంతకు మించిన జనం నుంచి ఒకే రకం సమాచారం అడగదలచిన ప్రతి సమాఖ్య (అంటే కేంద్ర ప్రభుత్వ) కార్యాలయం ముందుగా అనుమతి పొంది, ఫారం మీద ఒక నియంత్రణ సంఖ్య వేయాలి. చెల్లుబాటయ్యే సంఖ్య లేని ఫారాన్ని నింపలేదన్న కారణంతో ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు. ఆ చట్టం భారాన్ని కాగితాల్లో కొలవదు, ఫారం నింపడానికి జనం వెచ్చించే గంటల్లో కొలుస్తుంది. అలా లెక్కవేస్తే ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం వెయ్యి కోట్ల గంటల స్థాయికి చేరింది, అందులో అధిక భాగం పన్నుల పత్రాలది. చట్టం పేరులో తగ్గింపు ఉన్నా గంటలు తగ్గలేదు. పైగా ఆ గంటలను అంచనా వేసేది ఫారం తయారుచేసిన కార్యాలయమే కాబట్టి, వండినవాణ్నే రుచి అడిగినట్టు ఉంటుంది. అయినా కొలవవలసింది ఏమిటో ఆ చట్టం సరిగ్గా పట్టుకుందని నా అభిప్రాయం.

ఏ పథకాన్నయినా అడగవలసిన మొదటి ప్రశ్న కంప్యూటరుకు సంబంధించినది కాదు. ఈ కాగితం అసలు ఎందుకు ఉంది? దాన్ని ఎవరైనా చదువుతున్నారా? చదివి ఏదైనా నిర్ణయం మారుస్తున్నారా? నా అనుభవంలో ఫారాల్లో ఎన్నో గడులు ఎప్పుడో ఎవరో అడిగిన ఒక ప్రశ్న కోసం చేరి, ఆ ప్రశ్న మరచిపోయాక కూడా అలాగే ఉండిపోయినవి. మేము ఒకసారి ఒక ఫారంలోని ఒక్కో గడిని తీసుకుని, ఇందులోని వివరాన్ని గత సంవత్సరంలో ఎవరు వాడారని సెక్షన్ల వారీగా అడిగాం. కొన్ని గడుల విషయంలో ఎవరూ చేయెత్తలేదు. వాటిని తీసేయడానికి సాఫ్ట్‌వేరు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. భారత ప్రభుత్వం 2013-14 కాలంలో గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువీకరించిన నకళ్లకు బదులు దరఖాస్తుదారు తానే సంతకం చేసి ఇచ్చే నకళ్లను తీసుకోమని శాఖలకు సూచించింది, అసలు పత్రాలను చివరి దశలో చూస్తే సరిపోతుందని చెప్పింది. ముక్కూమొహం తెలియని అధికారి దగ్గర పచ్చసిరా సంతకం కోసం పడిగాపులు పడినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. అలాగే భారత సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 1 నుంచి దాఖలు చేసే పత్రాలను ఏ4 కాగితం మీద రెండు వైపులా అచ్చువేసి ఇవ్వాలని చెప్పింది. ఒకవైపు అచ్చుకు అలవాటుపడిన చోట కాగితం దాదాపు సగానికి తగ్గించే ఈ మార్పుకు ఖర్చు శూన్యం.

ఇలాంటివి ముందు వరుసలో ఉండాలి. ఉండవు. వీటికి టెండరు ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు, ఫొటో ఉండదు. గడి తీసేసిన గుమస్తాకు ఎవరూ శాలువా కప్పరు.

గడులు తీసేయకుండానే ఫారాన్ని తెరమీదికి ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పడానికి 1998 అక్టోబరు 21న అమెరికాలో వచ్చిన మరో చట్టాన్ని గుర్తుచేయాలి. గవర్నమెంట్ పేపర్‌వర్క్ ఎలిమినేషన్ యాక్ట్ అనే ఆ చట్టం, సమాఖ్య కార్యాలయాలు అయిదేళ్లలో, అంటే 2003 అక్టోబరు నాటికి, జనం తమతో ఎలక్ట్రానిక్ పద్ధతిలో లావాదేవీలు జరుపుకొనే వీలు కల్పించాలని, ఎలక్ట్రానిక్ సంతకాన్ని అది ఎలక్ట్రానిక్ అన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదని చెప్పింది. అయితే 'ఆచరణసాధ్యమైన చోట' అన్న షరతు కూడా అందులోనే ఉంది. ఏది ఆచరణసాధ్యమో తేల్చడానికి 2000లో విడుదలైన మార్గదర్శకాలు ప్రతి లావాదేవీకి ఖర్చు, లాభం, మోసపోయే ప్రమాదం మూడూ తూచి చూడమన్నాయి. అందరికీ ఒకే కొలత వేయకుండా, చిరునామా మార్పు దరఖాస్తుకూ పెద్ద మొత్తం చెల్లింపుకూ ఒకే స్థాయి సంతకం అడగవద్దనే ఆ ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కానీ గడువు పెట్టి ఫారాల సంఖ్య లెక్కించే చోట, ఏ దేశంలోనైనా, తేలికైన దారి ఒకటి కనిపెడతారు: ఫారాన్ని వెబ్‌సైటులో పెట్టి, దించుకుని అచ్చువేసి నింపి పంపమంటారు. ఫారం 'ఆన్‌లైన్' అయినట్టు లెక్కలో చేరుతుంది, కాగితం మాత్రం కార్యాలయం ప్రింటరు నుంచి పౌరుడి ప్రింటరుకు మారుతుంది.

ఈ చేయి మార్పు నా ఉత్తరానికి ముఖ్యమైన విషయం. కార్యాలయం తన స్టేషనరీ పద్దు తగ్గిందని చూపించే పథకాల్లో కొన్ని నిజానికి ఆ పద్దును కౌంటరుకు ఇవతలి వైపు తోసినవే. జతపరచవలసిన పత్రాలను జిరాక్స్ తీయించి, వాటిని స్కాన్ చేయించి, నిర్ణీత పరిమాణానికి కుదించి, అప్‌లోడ్ చేయమంటారు. లోపల ఉన్న గుమస్తా తెరమీద చదవడం కష్టమని వాటిని మళ్లీ అచ్చువేసుకుని ఫైలులో పెడతాడు. అప్పుడు ఒక కాగితం ఉన్న చోట రెండు కాగితాలూ ఒక స్కానూ అయ్యాయి. గుమస్తాను నిందించి లాభం లేదు. రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి సరిచూడవలసిన మనిషికి ఒక చిన్న తెర ఇచ్చి వదిలేస్తే అతడు చేయగలిగిన పని అదే. కాబట్టి కాగితాన్ని లెక్కించేటప్పుడు కౌంటరుకు రెండు వైపులా లెక్కించాలి. ఒకవైపు మాత్రమే లెక్కించిన పథకానికి నేనైతే అనుమతి ఇవ్వను.

సగం దాటిన వంతెన కథ ఇంకొకటి ఉంది. భారతదేశంలో ఆదాయపు పన్ను రిటర్నును ఇంటర్నెట్‌లో దాఖలు చేసే ఏర్పాటు వచ్చిన తరువాత, డిజిటల్ సంతకం లేని లక్షలాది మంది ఐటీఆర్-వి అనే ఒక పుట అచ్చువేసి, సంతకం చేసి, బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి తపాలాలో పంపవలసి వచ్చేది. అది చేరకపోతే రిటర్ను దాఖలు చేయనట్టే. దేశం నలుమూలల నుంచి ఒక్కో పుట పెట్టిన కవర్లు అక్కడికి చేరేవి, ఎవరో వాటిని విప్పి నమోదు చేసేవారు, చేరిందో లేదో అని పంపినవారు ఎదురుచూసేవారు. 2015లో సంతకానికి బదులు పనిచేసే ఎలక్ట్రానిక్ వెరిఫికేషన్ కోడ్ వచ్చాక ఆ కవరు పంపవలసిన అవసరం తప్పింది. పుటల లెక్కన చూస్తే మొదటి దశలోనే కాగితం చాలావరకు పోయింది, మిగిలింది ఒకే ఒక్క పుట. పని లెక్కన చూస్తే తపాలా, ఎదురుచూపు, కవరు విప్పడం అన్నీ ఆ ఒక్క పుటతోనే మిగిలి ఉన్నాయి. గొలుసులో చివరి కాగితం పోయే వరకు లాభంలో పెద్ద భాగం చేతికి రాదు. అందుకని పది సేవలను తొంభై శాతం చొప్పున కాగిత రహితం చేసే పథకం కంటే, ఒక సేవను మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా చేసే పథకానికే నా ఓటు.

ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని రెండోసారి అడగకుండా చేసే పథకాలు ఇంకా మేలు. యూరప్‌లోని చిన్న దేశం ఎస్టోనియా 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ ద్వారా ప్రభుత్వ శాఖల సమాచార నిధులను కలిపింది. ఒకే సమాచారాన్ని సేకరించడానికి వేర్వేరు నిధులు ఏర్పరచరాదని అక్కడి చట్టం చెబుతుంది. ఒక శాఖ దగ్గర ఉన్న వివరాన్ని ఇంకో శాఖ పౌరుణ్ని అడగకుండా నేరుగా ఆ శాఖనే అడుగుతుంది. ఇక్కడ గమనించవలసింది, సాంకేతిక పరిజ్ఞానం ఈ పనిలో తేలిక భాగం. ఏ వివరానికి ఏ శాఖ యజమాని, అందులో తప్పుంటే దిద్దేది ఎవరు, ఎవరు ఎవరి వివరాలు చూశారన్న జాడ ఎక్కడ దొరుకుతుంది అన్న పేచీలను తేల్చడమే కష్టభాగం. అంతా ఒకే తాళంచెవి మీద ఆధారపడితే ప్రమాదం కూడా ఒకేచోట పోగవుతుంది: 2017లో గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం బయటపడినప్పుడు ఎస్టోనియా దాదాపు ఏడున్నర లక్షల కార్డుల ధ్రువీకరణలను నిలిపివేసి, కొత్తగా నవీకరించవలసి వచ్చింది. అది ఆ వ్యవస్థ పనికిరాదనడానికి రుజువు కాదు. ఖర్చు పట్టికలో రాయవలసిన ఒక పద్దు.

పింఛనుదారులు ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. భారతదేశంలో 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ దాన్ని డిజిటల్ చేసింది. వయసు మీరినవారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవడం తెలిసిన ఇబ్బందే, 2021లో ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా చేర్చారు. మంచిదే. కానీ బతికున్న ప్రతి ఒక్కరూ తాము బతికున్నామని ఏటా నిరూపించుకోవడం కంటే, మరణాల రిజిస్టరును పింఛను కార్యాలయం తానే చూసుకునే ఏర్పాటు ఉంటే ఆ పత్రమే అక్కరలేదు కదా అనిపిస్తుంది. మరణాల నమోదు నిండుగా లేని చోట అది ఇప్పుడే సాధ్యం కాకపోవచ్చు. అలాంటప్పుడు డబ్బు ఆ నమోదు మీద పెట్టడం మేలా, ధ్రువపత్రం యాప్ మీద పెట్టడం మేలా అన్నది తూచవలసిన ప్రశ్న. సాధారణంగా ఆ రెండూ వేర్వేరు శాఖల బడ్జెట్లలో ఉంటాయి కాబట్టి ఎవరూ తూచరు.

ఇప్పటివరకు కాగితం పనికిమాలినదన్నట్టు రాశాను. అన్నిసార్లూ కాదు. బ్రిటన్‌లో 1921 నుంచి ప్రతి వాహనం ముందు అద్దానికి పన్ను చెల్లించినట్టు చూపే గుండ్రటి కాగితపు బిళ్ల అంటించుకోవలసి ఉండేది. పోలీసులు, వాహన పన్ను అధికారులు కెమెరాలతో నెంబరు ప్లేటు చదివి కంప్యూటరులో చూసుకుంటున్నారు కాబట్టి బిళ్ల అనవసరమని 2014 అక్టోబరు 1 నుంచి దాన్ని ఎత్తేశారు. బిళ్ల అచ్చు, పంపిణీ ఖర్చులు పోయి ఏటా కోటి పౌండ్ల వరకు మిగులుతుందని అప్పుడు చెప్పారు. నేను చెప్పిన పరీక్షలన్నీ దాటే పథకమే ఇది: పూర్తిగా తొలగిన కాగితం, తగ్గిన తపాలా, పౌరుడికి తప్పిన పని. కానీ అక్కడి రవాణా శాఖ రెండేళ్లకోసారి రోడ్డు మీద జరిపే సర్వేలో పన్ను కట్టని వాహనాలు 2013లో 0.6 శాతం ఉండగా 2015లో 1.4 శాతానికి, 2017లో 1.8 శాతానికి పెరిగాయి. 2015లో కోల్పోయే ఆదాయం 8 కోట్ల పౌండ్ల వరకు ఉండవచ్చని ఆ సర్వే లెక్కగట్టింది.

దీన్నంతా బిళ్ల ఖాతాలో రాయడం న్యాయం కాదు. వాహనం అమ్మినప్పుడు మిగిలిన పన్ను కొన్నవారికి బదిలీ అయ్యే పాత పద్ధతిని కూడా అదే సమయంలో తీసేశారు. తెలియక పన్ను కట్టనివారు అందులో చాలామందే ఉండి ఉంటారు. అయినా ఆ బిళ్ల రసీదు పని ఒక్కటే చేయలేదన్నది స్పష్టం. గడువు తేదీని యజమానికి రోజూ కళ్లముందు చూపేది, పక్కింటివారికి, దారినపోయేవారికి కనిపించేది, కట్టనివారికి కాస్త సిగ్గు కలిగించేది. కంప్యూటరులోని నమోదు పోలీసుకు కనిపిస్తుంది గాని యజమానికి కనిపించదు. కాగితాన్ని తీసేసేవారు అది చెప్పుకొనే పనినే కాక చెప్పుకోని పనులను కూడా పట్టికలో రాసుకోవాలి: గుర్తుచేయడం, నలుగురికీ చూపడం, సంతకం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగి చదివించడం, కరెంటు లేనప్పుడు కూడా చేతిలో ఉండడం. వాటిలో నిలబెట్టవలసినవి ఏవో తేల్చి, వాటికి వేరే ఏర్పాటు చేసే ఖర్చును పథకం ఖర్చులో కలపాలి.

పాత దస్త్రాల స్కానింగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాగితం తగ్గించడమంటే చాలామంది మనసులో మెదిలేది అదే, నా దృష్టిలో అన్నిటికన్నా తరచుగా డబ్బు వృథా అయ్యేదీ అదే. నేను పనిచేసిన ఒక చోట రికార్డు గదిలోని కట్టలన్నీ విప్పి స్కాన్ చేయించారు. పుటల లెక్కన చెల్లింపు కాబట్టి ఖాళీ పుటలు, రెండేసి నకళ్లు కూడా శ్రద్ధగా స్కాన్ అయ్యాయి. దస్త్రాలకు పేర్లు వరుస సంఖ్యలుగా పెట్టారు. విషయం, సంవత్సరం, అర్జీదారు పేరు ఎక్కించే పనికి ఒప్పందంలో డబ్బు లేదు. ఆ తరువాత కూడా ఫైలు కావలసి వచ్చినప్పుడు రికార్డు గది గుమస్తానే పిలిచేవారు, అతడు బీరువాలు ఎక్కడ ఎలా ఉండేవో జ్ఞాపకం మీద చెప్పేవాడు. స్కానింగులో స్కానరు పని అతి చవకైనది. పిన్నులు తీసి, పుటలు సరిచేసి, ఒక్కో దస్త్రానికి సూచిక రాసి, స్కాన్ అయినది చదవడానికి వీలుగా ఉందా అని చూసే మనుషుల పనే అసలు ఖర్చు, అదే మొదట కోతకు గురవుతుంది.

ఏడాదికి ఒక్కసారి కూడా ఎవరూ అడగని దస్త్రాన్ని స్కాన్ చేయడం దేనికి? నిబంధనల ప్రకారం దాచవలసిన గడువు తీరినదైతే తీసేయాలి, తీరనిదైతే ఉన్నచోటే ఉంచాలి, ఎవరైనా అడిగిన రోజున అదొక్కటే స్కాన్ చేయాలి. శిథిలమవుతున్నవి, భూమి హక్కుల వంటి వివాదాలకు ఆధారమైనవి, రోజూ వాడకంలో ఉన్నవి, ఈ మూడు రకాలకు మాత్రం మినహాయింపు. మూడో రకానికి ఉదాహరణ అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ. 2012లో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలం కార్యాలయంలో దాదాపు 37,000 క్లెయిమ్ ఫైళ్లు బీరువాల మీద పేరుకుపోయి, ఆ బరువుకు భవనానికే ముప్పు రావచ్చని ఆ శాఖ తనిఖీ విభాగం నివేదిక ఇచ్చింది. కాగితం బరువు ఖర్చే కాదని పైన రాసిన నేను, అంతస్తు కుంగే స్థితి వస్తే మాత్రం ఒప్పుకోక తప్పదు. ఆ శాఖ పరిష్కారం కాని క్లెయిమ్‌లను ఎలక్ట్రానిక్ వ్యవస్థలోకి మార్చింది. 125 రోజులు దాటి పెండింగులో ఉన్నవి 2013 మార్చిలో 6 లక్షలకు పైగా ఉండగా 2015 నాటికి లక్షకు లోపు వచ్చాయి. సిబ్బంది చేత అదనపు గంటలు పనిచేయించడం కూడా అందుకు ఒక కారణం, ఆ సంగతి చెప్పకుండా ఘనతంతా కంప్యూటరుకే కట్టబెట్టడం సరికాదు.

దానికి ఎదురుగా అదే దేశంలో సమాఖ్య ఉద్యోగుల పింఛను పత్రాల కథ ఉంది. పెన్సిల్వేనియాలో ఒకప్పటి సున్నపురాయి గనిలో, నేల అడుగున, ఆ పత్రాలను దాచి చేతిపనితో పరిష్కరిస్తూ వచ్చారు. 1980ల నుంచి దాన్ని కంప్యూటరీకరించే ప్రయత్నాలు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. పెద్ద ఎత్తున తలపెట్టిన ఒక ప్రయత్నం ఒప్పందాన్ని 2008లో రద్దు చేశారు. పింఛను లెక్కకు కావలసిన వివరాలు పదుల కొద్దీ శాఖల నుంచి వేర్వేరు రూపాల్లో వస్తాయి, పింఛను నిబంధనల్లో మినహాయింపులకు లెక్కలేదు. పత్రం పుట్టే చోట ఏ మార్పూ చేయకుండా అది చేరే చోట యంత్రం పెడితే, గనిలోకి కాగితం వస్తూనే ఉంటుంది. ఈ విషయంలో అమెరికా జాతీయ పత్రాగారం తీసుకున్న నిర్ణయం తెలివైనదనుకుంటాను: 2024 జూన్ 30 తరువాత, కొన్ని మినహాయింపులతో, సమాఖ్య కార్యాలయాల నుంచి కాగితం రూపంలో శాశ్వత రికార్డులు తీసుకోబోమని చెప్పి, మార్పును పత్రం పుట్టే చోటికి నెట్టింది.

డిజిటల్ నకలు దానంతట అదే నిలిచి ఉండదని కూడా బడ్జెట్ వేసేవారు గుర్తుంచుకోవాలి. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే భూముల పుస్తకానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ 1986లో లేజర్ డిస్కుల మీద తయారుచేసిన కొత్త డూమ్స్‌డేను పదిహేనేళ్లు గడిచేసరికి చదవగల యంత్రాలు దొరకక, దాన్ని రక్షించడానికి ప్రత్యేక పరిశోధన చేపట్టవలసి వచ్చింది. తోలు మీద రాసిన పాతది ఇప్పటికీ చదవవచ్చు. ముప్పై ఏళ్లు దాచవలసిన రికార్డుకు ముప్పై ఏళ్ల నిర్వహణ ఖర్చు వేయాలి, మూడేళ్లది కాదు.

ఇక అందరినీ ఆన్‌లైన్‌కు రమ్మని నిర్బంధించే పథకాలు. డెన్మార్క్ 2014 నవంబరు 1 నుంచి 15 ఏళ్లు నిండినవారందరికీ ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్ పెట్టెలోనే అందేలా చట్టం చేసింది. కానీ అది వాడలేనివారు మినహాయింపు కోరి కాగితం ఉత్తరాలు పొందే వీలును కూడా అదే చట్టంలో ఉంచింది. నిర్బంధం వల్లే ఆదా వస్తుందన్నది నిజం, రెండు దారులు నడపడం ఖరీదైన పని. అయినా మినహాయింపు పొందేవారు సాధారణంగా ప్రభుత్వ సహాయం ఎక్కువగా అవసరమైనవారే కనుక, వారికి కాగితం దారిని నడపడం పథకం వైఫల్యంగా కాక దాని ఖర్చులో భాగంగా మొదటి రోజే రాసుకోవాలి. అలా రాసుకున్నాక కూడా లాభం మిగిలితే నిర్బంధం పెట్టవచ్చు.

చట్టసభ్యుల బల్లల మీద ట్యాబ్‌లు, అచ్చు ప్రతులు లేని బడ్జెట్ ప్రసంగాలు వంటివాటి గురించి ఎక్కువ రాయను. వాటివల్ల నష్టం లేదు. జనం నిలబడే వరుస వాటివల్ల ఒక్క మనిషంత కూడా తగ్గదు.

మీ పత్రికకు ఒక విన్నపం. బ్రిటన్ బిళ్ల సంగతి మనం ఇంత కచ్చితంగా మాట్లాడుకోగలుగుతున్నది ఎందుకంటే, అక్కడి రవాణా శాఖ బిళ్ల ఎత్తేయకముందు కూడా ఆ సర్వే జరిపింది, తరువాత కూడా జరిపింది, అంకె తనకు అనుకూలంగా లేనప్పుడు కూడా అచ్చువేసింది. అలాంటి 'ముందటి' అంకె లేని పథకాన్ని తరువాత ఎవరూ తూచలేరు. కాబట్టి ఇకమీదట కాగిత రహిత పథకం ప్రకటన ఏది వచ్చినా, స్కాన్ చేసే పుటల సంఖ్యతో పాటు, ఆ సేవ కోసం ప్రస్తుతం ఒక దరఖాస్తుదారు ఎన్నిసార్లు రావలసి వస్తోందో, ఎన్ని పత్రాలు జతపరచాలో, ఎన్ని రోజులు ఆగాలో, లోపల ఎన్ని చేతులు మారుతోందో మీ విలేకరులు అడిగి ప్రచురించాలని కోరుతున్నాను. రెండేళ్ల తరువాత అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. జవాబు ఒక పుటకు మించదు. ఆ పుటను కాగితం మీద ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన ఒక రికార్డుల ఉద్యోగి